నాన్నగారి ఆర్మీ డిశ్చార్జ్ బుక్‌లో (సర్వీసు ముగిశాక ఇచ్చే పుస్తకం) మెడల్ ఎక్కలేదు. హైదరాబాద్‌లో ఎవరిని కలవాలి?

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ (ఫిరంగి దళ శిక్షణ కేంద్రం) చుట్టూ తిరిగితే పని కాదు. జవాన్లు, జేసీఓల (సుబేదార్ వంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) సర్వీసు కాగితాలు వాళ్ల విభాగపు రికార్డ్ ఆఫీసులో ఉంటాయి: ఆర్టిలరీకి నాసిక్ రోడ్ క్యాంపు, ఈఎంఈకి (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం) అయితే మన సికింద్రాబాదే. సర్వీసు నంబరు, మెడల్ పేరు, అప్పటి యూనిట్, తేదీలు రాసి, డిశ్చార్జ్ బుక్ నకలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

తేడా ఎక్కువగా వచ్చేది పార్ట్-2 ఆర్డర్ (సర్వీసు వివరాలు రికార్డులో ఎక్కడానికి యూనిట్ వేసే ఉత్తర్వు) దగ్గర. యూనిట్ అది వెయ్యకపోతే రికార్డులో మెడల్ ఎక్కదు. ఆ నకలు ఆర్టీఐ కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

50వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ తేలిక: 1997 ఆగస్టు 15న సర్వీసులో ఉంటే చాలు. 1971 యుద్ధం నాటి పూర్వీ, పశ్చిమీ స్టార్ మెడళ్లకు మాత్రం యుద్ధ ప్రాంతంలో పనిచేసిన రుజువు కావాలి. తిరస్కరిస్తే ఆరు నెలల్లోగా సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లొచ్చు.