తరగతి గదిలో రోబో: పాఠకుల ప్రశ్నలకు మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మేమిద్దరం బెంగళూరులో పీయూసీ మొదటి సంవత్సరం చదువుతున్నాం. మా ఇళ్ళకు దగ్గరలో ఉన్న బడిలో ఏడో తరగతి పిల్లలకు ఎనిమిది శనివారాలు రోబోటిక్స్ నేర్పించాం. ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని తెచ్చి, ఎదురుగా అడ్డు వస్తే ఆగి పక్కకు తిరిగే చిన్న బండిని వాళ్ళచేత చేయించాం. చివరి రోజు ‘మీకు నచ్చిందా’ అని ప్రశ్నాపత్రం ఇస్తే దాదాపు అందరూ ‘చాలా నచ్చింది’ అన్న గడిలోనే టిక్కు పెట్టారు. రోబోటిక్స్ వల్ల స్టెమ్ చదువు మెరుగుపడుతుందని నివేదిక రాసి ఒక పోటీకి పంపితే, ఇది పరిశోధన కిందికి రాదని తిప్పి పంపారు. మా లోపం ఎక్కడుంది? వచ్చే ఏడు మళ్ళీ చేయాలని ఉంది.
– ఇద్దరు విద్యార్థినులు, మారతహళ్ళి

జవాబు: ఎనిమిది శనివారాలు ఇంకొకరి పిల్లల కోసం వెచ్చించిన మీ ఇద్దరికీ ముందుగా నా అభినందనలు. లోపం మీ శ్రమలో లేదు. ‘నచ్చిందా’ అని అడిగి, ‘నేర్చుకున్నారు’ అని రాశారు, అదే చిక్కు. చక్రం మొదటిసారి తిరిగినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే సంతోషం విలువైనదే గానీ, ఆ సంతోషం ఎంతవరకు ఆలోచనగా మారిందన్నది విడిగా తేల్చుకోవలసిన విషయం. ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, ప్యారిస్ అనే ముగ్గురు పరిశోధకులు 2004లో ప్రచురించిన వ్యాసంలో, పిల్లలు చదువులో లీనం కావడాన్ని చేతల్లో కనిపించేది, మనసుకు సంబంధించినది, ఆలోచనకు సంబంధించినది అని మూడుగా విడదీశారు. మీ ప్రశ్నాపత్రం రెండోదాన్ని మాత్రమే పట్టుకుంది.

‘స్టెమ్ చదువు మెరుగుపడుతుందా’ అన్న ప్రశ్న ఎనిమిది శనివారాలకు మరీ పెద్దది. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం అన్నీ అందులో ఉన్నాయి. వాటిలోంచి ఒక్క భావనను ఎంచుకోండి. మీ బండికి ముందువైపు రెండు గుండ్రటి కళ్ళలాగా ఉండే అల్ట్రాసోనిక్ సెన్సార్‌నే తీసుకుందాం. అది పంపిన ధ్వని గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి 10 మిల్లీ సెకన్లు పట్టిందనుకోండి. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కాబట్టి గోడ 3.4 మీటర్ల దూరంలో ఉందని చాలామంది పిల్లలు వెంటనే చెబుతారు. పోయిన దారి, వచ్చిన దారి రెండూ ఆ కాలంలోనే ఉన్నాయి కనుక సగం చేసి 1.7 మీటర్లు అనాలని తట్టిన పిల్లవాడికి ఆ సెన్సార్ అర్థమైనట్లు లెక్క. ఇలాంటి ప్రశ్నలు ఎనిమిదో పదో తయారు చేసుకుంటే మీ పరీక్ష సిద్ధమైనట్లే. సీమోర్ పేపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం 1967లో రూపొందించిన లోగో అనే కంప్యూటర్ భాషలోని తాబేలు, అంటే మనం ఆజ్ఞ ఇస్తే కదులుతూ గీతలు గీసే బొమ్మ, కూడా ఇలాంటి ప్రశ్నలకు పుట్టినిల్లు: సమబాహు త్రిభుజం గీయడానికి తాబేలు ఒక్కో మూలలో ఎన్ని డిగ్రీలు తిరగాలి? అరవై అని వెంటనే చెప్పిన పిల్లవాడు నేలమీద తానే ఆ దారిలో నడిచి చూస్తే, 120 అని కాళ్ళే చెబుతాయి.

ఆ పరీక్షను తరగతులు మొదలుపెట్టక ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి పెట్టండి. ఫలితాన్ని పోల్చేటప్పుడు రిచర్డ్ హేక్ అనే భౌతిక శాస్త్ర అధ్యాపకుడు 1998లో వాడిన పద్ధతి మీకు బాగా ఉపకరిస్తుంది. మొదట నూటికి 40 తెచ్చుకున్న పిల్ల తర్వాత 70 తెచ్చుకుంటే, మిగిలి ఉన్న 60లో 30 సాధించింది, అంటే 0.5. మొదటే 80 ఉన్న పిల్లవాడు 90కి చేరితే మిగిలిన 20లో 10 సాధించాడు, అదీ 0.5. వెనకబడిన వాళ్ళనూ ముందున్న వాళ్ళనూ ఒకే కొలతతో న్యాయంగా చూడగల మార్గమిది. హేక్ 62 కోర్సుల్లో ఆరు వేలకు పైగా విద్యార్థుల మార్కులను ఇలా పరిశీలించినప్పుడు, ఉపన్యాసం విన్న తరగతుల సగటు 0.23 దగ్గర ఆగింది. విద్యార్థులు చేతులతో చేస్తూ చర్చిస్తూ నేర్చుకున్న తరగతుల్లో అది 0.48 వచ్చింది. అక్కడ ఫలితం ఇచ్చింది చేయడమూ చర్చించడమూ. కాబట్టి మీ తరగతిలో రోబో ఉన్నంత మాత్రాన అదే ఫలితం వస్తుందనుకోకూడదు.

పోలికకు మరో గుంపు ఉండి తీరాలి. ఏడో తరగతిలో రెండు సెక్షన్లుంటే, మొదటి నెల ఒక సెక్షన్‌కు రోబోతో, రెండో సెక్షన్‌కు అదే పాఠాన్ని అంతే సమయంలో, అదే మనిషి, రోబో లేకుండా చెప్పండి. నెల చివర పరీక్ష పెట్టి, ఆ తర్వాత తారుమారు చేస్తే ఎవరికీ అన్యాయం జరగదు. కొత్త వస్తువు మోజు కొన్నాళ్ళకు తగ్గుతుంది కనుక, అంతా అయిపోయిన నెలకు చెప్పకుండా మరోసారి అదే పరీక్ష పెట్టండి.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట: చేతులను గమనించండి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ముగ్గురికి ఒక కిట్టు చొప్పున ఇచ్చేవాణ్ణి. ఒక జట్టులో ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. స్క్రూడ్రైవర్ ఎప్పుడూ అబ్బాయిల దగ్గరే ఉండేది, ఆ అమ్మాయి చేతిలో నోటు పుస్తకం. ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ రాసేది, నచ్చిందా అంటే నచ్చిందనేది. నాకూ అంతా సవ్యంగానే కనిపించేది. ఒక రోజు ఆ ఇద్దరూ రాలేదు. బండిని నేలమీద పెడితే ముందుకు పోకుండా ఉన్నచోటే గిర్రున తిరగసాగింది. ఆ అమ్మాయి చాలాసేపు వంగి చూసింది. ఒక చక్రం ముందుకు, ఇంకొకటి వెనక్కు తిరుగుతున్నాయని కనిపెట్టి, ఒక మోటారుకు వెళ్ళే రెండు తీగలను అటుదిటు మార్చి బిగించింది. అన్ని వారాలూ ఆ పిల్ల చేతికి ఆ అవకాశం రాకుండా చేసింది నేనే కదా అని ఇప్పటికీ బాధపడుతూ ఉంటాను. అందుకే మీలో ఒకరు పాఠం చెబుతుంటే రెండో వాళ్ళు రెండు నిమిషాలకోసారి ప్రతి జట్టునూ చూసి, పరికరం ఎవరి చేతిలో ఉంది, ఎవరు ప్రశ్న అడిగారు, ఎవరు ఊరికే కూర్చున్నారు అని గీతలు పెట్టుకోండి. నెల తిరిగేసరికి ఆ గీతల కాగితం మీ నివేదికలో అన్నిటికన్నా విలువైన పుట అవుతుంది.

పిల్లల తల్లిదండ్రుల దగ్గరా, బడి దగ్గరా రాతపూర్వక అనుమతి తీసుకోండి, పేర్ల బదులు అంకెలు వాడండి. మీ చుట్టుపక్కల బడుల్లో కన్నడం, తెలుగు, తమిళం, హిందీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు కలిసి కూర్చుంటారు కాబట్టి, ప్రశ్నలు వాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలి. లేకపోతే మీరు కొలిచేది వాళ్ళ ఇంగ్లీషును. చివరికి వచ్చిన ఫలితాన్ని ‘ఈ బడిలో, ఈ పిల్లల్లో’ అనే హద్దుల్లోనే రాయండి. తేడా ఏమీ కనిపించకపోతే అదీ ఫలితమే, దాన్నీ దాచకుండా రాయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. బడిలో రోబోటిక్స్‌కు వేరే ఫీజు తీసుకుంటున్నారు. ప్రతి టర్ము చివరా తయారైన బొమ్మ ఒకటి ఇంటికి తెస్తాడు. వాడు నిజంగా నేర్చుకుంటున్నాడా లేదా అన్నది మాకెలా తెలుస్తుంది?
– ఒక తల్లి, రామమూర్తి నగర్

జవాబు: అమ్మా, బ్యాటరీ స్విచ్ ఆపి, అబ్బాయి చూడనప్పుడు ఒక తీగ ఊడదీసి, మళ్ళీ స్విచ్ వేసి చేతికివ్వండి. బ్యాటరీని చూసి, తీగలను ఒక్కొక్కటే తడిమి చూస్తే నేర్చుకుంటున్నాడని ధైర్యంగా ఉండవచ్చు, బాగు చేయడానికి గంట పట్టినా పరవాలేదు. ‘ఇది సార్ చేస్తారు’ అని మీకే తిరిగి ఇచ్చేస్తే, బడికి వెళ్ళి, వచ్చే టర్ములో తయారైన బొమ్మ వద్దు, విడిభాగాలుగానే ఇంటికి పంపండని అడగండి. ఆ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కూడా కనుక్కోండి. 2016 నుంచి నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం ఎంపికైన బడులకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తూ వీటిని పెట్టించారు. ఉంటే, వారంలో ఎన్ని గంటలు దాని తలుపు తెరిచి ఉంటుందో, ఆరో తరగతి వాళ్ళను లోపలికి రానిస్తారో లేదో మీ అబ్బాయినే అడగండి.