తక్కువ ధర, తక్కువ క్యాలరీలు: ప్రొటీన్ పౌడర్ కొనే ముందు రెండు భాగహారాలు

మీరు రాసినదాన్ని బట్టి: వయసు 44, బరువు 72 కిలోలు, షుగర్ బోర్డర్‌లో ఉంది, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు, గుడ్లు తింటారు కానీ మాంసం తినరు. ఖర్చు నెలకు 1,500 రూపాయలు దాటకూడదు, తగ్గిన బరువు మళ్లీ పెరగకూడదు. జిమ్‌లో మీకు చెప్పిన ఐసోలేట్ (ప్రొటీన్ తప్ప మిగతావి దాదాపు తీసేసిన పౌడర్) కొనాలా, మెడికల్ షాపులో దొరికే ఆడవాళ్ల ప్రొటీన్ డబ్బా కొనాలా, అసలు వీటిని నమ్మొచ్చా అని అడిగారు.

రెండూ వద్దు. ఫ్లేవర్ లేని మామూలు వే కాన్సన్‌ట్రేట్ తీసుకోండి, అదీ రోజుకు ఒక స్కూపు (డబ్బాలో వచ్చే కొలత చెంచా) లోపే. వే అంటే పాలు విరిగినప్పుడు మిగిలే నీళ్లలోని ప్రొటీన్, కాన్సన్‌ట్రేట్ అంటే ఐసోలేట్ అంతగా వడకట్టనిది. నాదీ దాదాపు మీ వయసే, మీ తిండే. నేనూ మా ఆయనా కొన్నేళ్లుగా వాడుతున్నాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీకు అసలు ఎంత తక్కువ పడుతోందో చూడండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ల లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్, అంటే మీకు 60 గ్రాములు. మీరు బరువులు ఎత్తుతున్నారు, తిండి తగ్గించారు, కాబట్టి 75, 80 దాకా పెట్టుకున్నా తప్పులేదు. మన ఇళ్లలో పొద్దున మూడు ఇడ్లీ సాంబారు, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు, రాత్రి రెండు పుల్కాలు కూర, మధ్యలో రెండు కాఫీలు అంటే కష్టం మీద 40 నుంచి 45 గ్రాములు వస్తాయి. రెండు గుడ్లు కలిపితే ఇంకో 12. మిగిలిన లోటు 20 గ్రాముల చిల్లర. ఆ లోటు కోసమే పౌడర్. 2024లో ఎన్ఐఎన్ ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పారు. ఆ మాటతో నాకు పెద్దగా పేచీ లేదు. రోజుకు మూడు స్కూపులు తాగేవాళ్లను చూసే ఉంటారు మీరు కూడా. మనం ఆ బాపతు కాదు.

ఇక డబ్బా సంగతి. ముందువైపు రాసినవన్నీ వదిలేసి వెనక్కి తిప్పండి. ‘లీన్’, ‘ఫిట్’ లాంటి మాటలు ఎవరైనా వేసుకోవచ్చు. వెనక పట్టికలో ప్రొటీన్ ఎన్ని గ్రాములో చూసి నాలుగుతో గుణించండి (గ్రాము ప్రొటీన్‌కి నాలుగు క్యాలరీలు), దాన్ని మొత్తం క్యాలరీలతో భాగించండి. మంచి వే కాన్సన్‌ట్రేట్‌లో 24 గ్రాముల ప్రొటీన్‌కి 120, 125 క్యాలరీలు ఉంటాయి. అంటే క్యాలరీల్లో నూటికి 75, 80 వంతులు ప్రొటీన్ నుంచే. ఐసోలేట్ అయితే 90 దాకా పోతుంది. మీరు ఫొటో పెట్టిన మెడికల్ షాపు డబ్బాలో వంద గ్రాములకు 34 గ్రాముల ప్రొటీన్, 380 క్యాలరీలు అని ఉంది. 34 నాలుగులు 136. మూడో వంతు కాస్త పైన, అంతే. మిగతాదంతా ఏమిటి? పదార్థాల జాబితాలో మొదట ఉన్న పేరు చూడండి, ఎందుకంటే ఎక్కువ బరువున్నదే ముందు రాయాలి. అక్కడ మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంది, అంటే పిండి పదార్థం నుంచి తీసిన పొడి. పంచదార కలపలేదని పెద్ద అక్షరాలతో రాసినా, మాల్టోడెక్స్‌ట్రిన్ గ్లూకోజ్ అంత వేగంగానే షుగర్ పెంచుతుంది. బోర్డర్‌లో ఉన్న మనిషికి అది మందు ఎలా అవుతుంది? గులాబీ రంగు మూతకి అదనంగా పెట్టే డబ్బు వేరే.

రెండో భాగహారం ధరది. డబ్బా మీది రేటు కాదు, గ్రాము ప్రొటీన్‌కి ఎంత పడుతోందో చూడాలి. కిలో 2,000 అనుకుందాం. 33 గ్రాముల స్కూపులు 30 వస్తాయి, స్కూపుకు 24 గ్రాముల చొప్పున మొత్తం 720 గ్రాముల ప్రొటీన్. గ్రాముకు దాదాపు రెండు రూపాయల ఎనభై పైసలు. ఇదే లెక్క గుడ్డుకు వేస్తే, ఏడు రూపాయల గుడ్డులో ఆరు గ్రాములు, అంటే రూపాయికి కాస్త పైన. మీల్ మేకర్ కిలో 150 అనుకున్నా అందులో 520 గ్రాముల ప్రొటీన్, గ్రాముకు 30 పైసలు కూడా పడదు. ఇంత తేడా చూశాక పౌడర్ ఎందుకు అని అడగొచ్చు. కారణం ఒక్కటే, క్యాలరీలు. స్కూపు వేలో వచ్చే ప్రొటీన్ గుడ్ల నుంచి రావాలంటే నాలుగు తినాలి, 280 క్యాలరీలు. పుట్నాల పప్పు నుంచి రావాలంటే 120 గ్రాములు, 400 పైనే. ఉత్త తెల్లసొన అయితే ఏడు గుడ్లవి కావాలి, అవీ 120 క్యాలరీలే, కాబట్టి లెక్క సమానం. కానీ రోజూ ఏడు పచ్చసొనలు ఎవరికి పెడతారు?

ఐసోలేట్ ఎందుకు వద్దంటున్నానంటే, స్కూపుకు తేడా పది, పదిహేను క్యాలరీలు. చెంచా నెయ్యిలో 45 ఉంటాయి. ఆ కాసింతకి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం నాకు సబబు అనిపించలేదు. పాలు పడనివాళ్లకు మాత్రం ఐసోలేట్ మేలే, పాలలోని చక్కెర, అదే లాక్టోజ్, అందులో దాదాపు ఉండదు. మీకు కాఫీ, పెరుగు పడుతున్నాయి కాబట్టి కాన్సన్‌ట్రేట్ కూడా పడుతుంది. మొదటి వారం మాత్రం అర స్కూపుతో మొదలుపెట్టండి, కడుపు ఉబ్బరం ఉంటే తెలిసిపోతుంది.

అసలు క్యాలరీలు పౌడర్‌లో కాదు, దాన్ని దేంట్లో కలుపుతామో అక్కడ ఉంటాయి. ఫుల్ క్రీమ్ పాలు ఒక గ్లాసు అంటే 170 క్యాలరీలు, అరటిపండు వేస్తే ఇంకో వంద. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఖరీదైన ఐసోలేట్ కొని, పాలు, రెండు ఖర్జూరాలు, చెంచా వేరుశనగ వెన్న వేసి మిక్సీ తిప్పి, బరువు తగ్గడం లేదని పౌడర్‌ని తిట్టుకునేది. నీళ్లలోనో మజ్జిగలోనో కలుపుకుంటే ఈ గొడవే ఉండదు.

మజ్జిగ అన్నాను కదా, ఫ్లేవర్ లేనిదే కొనమనడానికి అదే కారణం. చాక్లెట్, వెనిల్లా తీపి మొదటి డబ్బా వరకు బాగుంటుంది, తర్వాత మొహం మొత్తుతుంది. ఫ్లేవర్ లేనిది అయితే మన తిండిలో కలుస్తుంది. చల్లటి పల్చని మజ్జిగ ముందు షేకర్‌లో పోసి, తర్వాత పౌడర్ వేయండి. పౌడర్ ముందు వేస్తే అడుగున ఉండకట్టి ఎంత ఊపినా వదలదు. కాస్త ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు వేసి ఊపి, నురగ తగ్గేదాకా రెండు నిమిషాలు ఆగండి. పాలపొడి వాసన తెలుస్తుంది, కానీ అల్లం దాన్ని తొక్కేస్తుంది. రాగి జావలో అయితే జావ గోరువెచ్చగా అయ్యాక కలపాలి. పొయ్యి మీద మరుగుతుండగా వేస్తే విరిగిన పాలలా పలుకులు పలుకులుగా తేలుతుంది. పోషకం ఎక్కడికీ పోదు కానీ నోట్లో పెట్టుకోలేం. పెసరట్టు పిండిలో కూడా వేసి చూశాను. ఒక చెంచా అయితే పర్వాలేదు, అంతకు మించితే అట్టు త్వరగా మాడి పెనానికి అంటుకుంటుంది. ఇంకో మాట, తాగేసిన షేకర్‌ని మూత పెట్టి ఆఫీసు బ్యాగులో మరచిపోకండి. సాయంత్రం తెరిస్తే మీకే అర్థమవుతుంది.

బ్రాండ్ అంటారా, యాజ్ ఇట్ ఈజ్ వాళ్లది ఫ్లేవర్ లేనిది దొరుకుతుంది, అమూల్ వాళ్లది విడి సాషేల్లో వస్తుంది. సాషే అయితే స్కూపు ఎంతవరకు నింపాలి అనే బాధ ఉండదు, ఒక్కోదాంట్లో 25 గ్రాముల ప్రొటీన్. డబ్బా కొంటే మాత్రం ఒకసారి వంటింటి తూకం మీద మీ స్కూపు ఎంత తూగుతోందో చూసుకోండి. గోపురంలా నింపితే 33 కాస్తా 40 దాటుతుంది.

నమ్మకం గురించి అడిగారు, మంచి ప్రశ్న. 2024లో మెడిసిన్ అనే జర్నల్‌లో మన దేశంలో అమ్ముతున్న 36 ప్రొటీన్ సప్లిమెంట్ల మీద పరీక్ష ఫలితాలు వచ్చాయి. నూటికి 70 వరకు లేబుల్ మీద రాసిన ప్రొటీన్‌కీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. ల్యాబులు మామూలుగా నత్రజనిని కొలిచి దాన్నుంచి ప్రొటీన్ లెక్క కడతాయి. ఆ కిటుకు తెలిసినవాళ్లు నత్రజని ఉండి చవగ్గా దొరికే గ్లైసిన్, టౌరిన్ లాంటి పొడులు కలిపి అంకె పెంచేస్తారు. కాబట్టి పదార్థాల జాబితాలో ఆ పేర్లు ఉంటే పక్కన పెట్టేయండి. ఫ్లేవర్ లేని వేలో వే తప్ప, పౌడర్ కలవడానికి వాడే లెసిథిన్ తప్ప ఇంకేం ఉండాల్సిన పని లేదు. అమైనో యాసిడ్ల (ప్రొటీన్ తయారయ్యే ముక్కల) పట్టిక ఇచ్చారా, వాటిలో ఒకటైన ల్యూసిన్ 25 గ్రాముల ప్రొటీన్‌కి రెండున్నర గ్రాముల దరిదాపుల్లో ఉందా చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు, సరుకు అసలుదో కాదో గీకి చూసే కోడ్, మూత కింద చెక్కుచెదరని సీలు ఎలాగూ చూస్తారు. మా దగ్గర ఒక జిమ్‌లో పెద్ద డబ్బాలోంచి తీసి జిప్ కవర్లలో అరకిలో చొప్పున అమ్మేవారు. రేటు సగమే, కానీ అందులో ఏముందో ఆ అమ్మేవాడికైనా తెలుసో లేదో. అలాంటివి ఊరికే ఇచ్చినా వద్దు.

ఇంకా తక్కువలో కావాలంటే సోయా ప్రొటీన్ ఐసోలేట్ ఉంది. నూటికి 90 వంతులు ప్రొటీన్, క్యాలరీలు వేతో సమానం, ధర బాగా తక్కువ. కాకపోతే పచ్చి గింజల వాసన, అందరికీ సహించదు. నా సలహా, వారంలో రెండు రోజులు పౌడర్ మానేసి 30 గ్రాముల మీల్ మేకర్ వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, టమాటా వేసి కూర వండుకోండి. 15 గ్రాముల ప్రొటీన్, నూనె కాక వంద క్యాలరీలు. మిగతా రోజులు ముప్పావు స్కూపు చాలు, 18 గ్రాములు వస్తాయి. రోజూ ముప్పావు తాగినా కిలో 40 రోజులు వస్తుంది, నెలకు సరిగ్గా 1,500. మీల్ మేకర్ రోజులు కలిస్తే ఇంకా మిగులుతుంది.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటారు కాబట్టి వే గానీ సోయా గానీ దానికి దగ్గరగా వద్దు. పాలలోని కాల్షియం, సోయా రెండూ ఆ మందును సరిగ్గా ఒంటికి పట్టనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉంటే నిశ్చింత, అందుకే నేను సాయంత్రం తాగుతాను. వ్యాయామం అయిన అరగంటలోపే తాగాలని టెన్షన్ పడకండి, రోజు మొత్తంలో ఎంత పడిందన్నదే లెక్క. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు గనుక మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించి మీ డాక్టరుకు చూపించండి. కిడ్నీలో ఏ కాస్త తేడా ఉన్నా ప్రొటీన్ ఎంత తినాలో ఆయనే చెప్పాలి, నా లెక్కలేవీ పనికిరావు.

రెండు కొంటే ఒకటి ఉచితం ఆఫర్లకు ఇప్పుడే వెళ్లకండి. ముందు చిన్న ప్యాకెట్ తెచ్చి మజ్జిగలో నాలుగు రోజులు తాగి చూడండి, నోటికి పట్టకపోతే ఎంత చవకైనా అది అటక మీదకే పోతుంది.