గుండె మాత్రలతో దగ్గు, నీరసం.. మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 57. ఐదు నెలల కిందట గుండెపోటు వస్తే యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఆస్పిరిన్, టికాగ్రెలార్, అటోర్వాస్టాటిన్, మెటోప్రోలాల్, రామిప్రిల్ వాడుతున్నాను. పొడిదగ్గుతో రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. తొడలు, పిక్కలు నొప్పి. మెట్లెక్కితే కాళ్లు లాగేస్తున్నాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతోంది. విసుగొచ్చి వారం పైనే అయింది, రెండు మాత్రలు మానేశాను. ఇంట్లో చెప్పలేదు. కాస్త హాయిగానే ఉంది. ఇవన్నీ జీవితాంతం వేసుకోవాల్సిందేనా?

సలహా: మానేసిన ఆ రెండు మాత్రలు ఏవో మీరు రాయలేదు. నాకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే. ఈ ఐదింటిలో కొన్ని ఆపితే నష్టం నెలలు, ఏళ్ల మీద బయటపడుతుంది. కొన్ని ఆపితే ఏ క్షణానైనా ప్రాణం మీదికి రావచ్చు. మీరు ఆపినవాటిలో ఆస్పిరిన్ గానీ, టికాగ్రెలార్ గానీ ఉంటే మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు మీ గుండె డాక్టరుకు ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, నొప్పి, చెమటలు, ఆయాసం ఏవైనా ఉంటే ఫోను కూడా కాదు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. స్టెంట్ సన్నటి లోహపు జాలీ. రక్తనాళం లోపలి పొర దాని మీద పూర్తిగా పరుచుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా దాని మీద రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. గడ్డకడితే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోతుంది. అందుకే గుండెపోటు తర్వాత స్టెంట్ వేసినవారికి సాధారణంగా 12 నెలల పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, టికాగ్రెలార్ రెండూ కలిపి ఇస్తాం. రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఆ గడువు తగ్గిస్తాం, కానీ అది డాక్టరు లెక్కవేసి తీసుకునే నిర్ణయం. టికాగ్రెలార్ ఆపితే మూడు నుంచి ఐదు రోజుల్లో దాని పని అయిపోతుంది. మీరు వారం దాటారు.

మెటోప్రోలాల్‌ను కూడా హఠాత్తుగా ఆపకూడదు. అన్నాళ్లూ అదుపులో ఉన్న గుండె వేగం ఒక్కసారి పెరిగి, ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు. తగ్గించాల్సి వస్తే వారం, రెండు వారాల మీద మెల్లగా తగ్గిస్తాం.

హాయిగా ఉందన్నారు. నమ్ముతున్నాను. ఈ మందుల మేలు ఒంటికి తెలిసేది కాదు, రాకుండా ఆగిన గుండెపోటును ఎవరూ గుర్తుపట్టలేరు. దగ్గు, నొప్పి మాత్రం రాత్రంతా తెలుస్తూనే ఉంటాయి. కాబట్టి మీ విసుగును నేను తప్పుపట్టను. అయితే మీరు చెప్పిన బాధల్లో దాదాపు ప్రతిదానికీ ఒక మార్గం ఉంది.

దగ్గుకు నాకు మొదటి అనుమానం రామిప్రిల్ మీద. బీపీ తగ్గించడానికి ఇది ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టేదీ ఆ ఎంజైమే. అది విరగక శ్వాసనాళాల్లో పేరుకుపోయి గొంతులో గరగర, పొడిదగ్గు తెస్తుంది. మందు మొదలుపెట్టిన వారాల్లో రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. దగ్గు సిరప్‌లకూ, యాంటీబయాటిక్‌లకూ ఇది లొంగదు. వాటి కోసం తిరిగి అలసిపోయినవాళ్లను చాలామందిని చూశాను. దీనికి బదులు టెల్మిసార్టాన్, వాల్సార్టాన్ వంటి మాత్ర రాస్తే దగ్గు సాధారణంగా నాలుగు వారాల లోపు తగ్గిపోతుంది, కొందరికి మూడు నెలలూ పడుతుంది. మార్చిన రెండో రోజే తగ్గలేదని నిరాశపడకండి. పెదవులు, నాలుక, ముఖం వాస్తే మాత్రం అది దగ్గు లాంటి చిన్న సంగతి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, రామిప్రిల్ మళ్లీ ఎప్పుడూ వేసుకోకూడదు.

ఒకటి అడగాలి. పడుకుంటే దగ్గు ఎక్కువై, లేచి కూర్చుంటే తగ్గుతోందా? పాదాలు వాస్తున్నాయా? నాలుగు రోజుల్లోనే బరువు పెరిగారా? అలాగైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూడాలి. టికాగ్రెలార్ వల్ల కూడా కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. చాలావరకు తేలికగా ఉండి తగ్గిపోతుంది. కానీ గుండె జబ్బు ఉన్న మనిషికి ఆయాసం వస్తే ‘మందు వల్లేలే’ అని ఎవరూ ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు.

కండరాల నొప్పి విషయం కాస్త ఓపికగా చదవండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ (మీరు వాడే అటోర్వాస్టాటిన్ ఆ రకమే) వల్ల తొడలు, పిక్కలు, భుజాల్లో రెండు పక్కలా నొప్పి రావడం నిజమే. అదే సమయంలో 2020లో వెలువడిన శామ్‌సన్ అనే అధ్యయనం గురించి కూడా మీకు తెలియాలి. దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి, ఏది ఏదో చెప్పకుండా, కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు అసలేమీ లేకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. అంటే వాళ్ల నొప్పి అబద్ధమని కాదు, నొప్పి నిజమే. కారణం ఎక్కువసార్లు మందులోని రసాయనం కాదని. అందుకే ముందు కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే అనే రక్తపరీక్ష చేయించాలి. థైరాయిడ్, విటమిన్ డి కూడా చూడాలి, అవి తగ్గినా ఇవే నొప్పులు వస్తాయి. తేడా ఉంటే డోసు తగ్గిస్తాం, రోసువాస్టాటిన్‌కు మారుస్తాం, లేదా తక్కువ డోసుకు ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్ర జతచేస్తాం. ఏదీ పడనివారికి ఇంజెక్షన్లూ ఉన్నాయి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

ఈ నొప్పికని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. మీరు వాడే మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది, ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనికీ అడ్డుపడవచ్చు. అవసరమైతే పారాసెటమాల్ వాడొచ్చు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. చర్మం కమలడం ఆస్పిరిన్, టికాగ్రెలార్ వాడేవారిలో మామూలే. మలం నల్లగా తారులా రావడం, మూత్రంలో రక్తం, పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టినా ఆగని గాయం మామూలు కాదు.

కళ్లు తిరగడానికి రామిప్రిల్, మెటోప్రోలాల్ రెండూ కారణం కావచ్చు. కూర్చుని ఒకసారి, నిలబడిన మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూసి రాసిపెట్టండి. పై అంకె 20 పడిపోతుంటే మోతాదుగానీ వేళగానీ మార్చాలి. నాడి 50 కన్నా తక్కువ ఉంటే అదీ చెప్పండి.

మీరు రాయలేదు గానీ, మీ వయసు మగవారు నన్ను గది తలుపు దగ్గర ఆగి అడిగే మాట ఒకటుంది. దాంపత్య జీవితం దెబ్బతింటే దానికీ చికిత్స ఉంది, సిగ్గుపడకుండా అడగండి. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలో, స్ప్రేనో వాడేవారు సిల్డెనాఫిల్ వంటివి సొంతంగా వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

జీవితాంతమా అన్నారు. స్టాటిన్, ఆస్పిరిన్ చాలామందికి దీర్ఘకాలం కొనసాగుతాయి. టికాగ్రెలార్ గడువు ముగిశాక ఆపే అవకాశం ఎక్కువ. మెటోప్రోలాల్ సంగతి మీ ఎకో (గుండె స్కానింగ్) చెబుతుంది. గుండె పంపింగ్ 50 శాతం, ఆపైన ఉన్నవారికి దాన్ని ఏళ్ల తరబడి కొనసాగించాలా అన్నది ఇప్పుడు డాక్టర్లు మనిషిని బట్టి ఆలోచిస్తున్నారు. మీ నీరసం గురించి చెప్పి, ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. గుండెపోటు తర్వాత మనసు కుంగిపోయినా ఇలాంటి నీరసమే ఉంటుంది. నిద్ర, ఆసక్తి తగ్గితే ఆ మాటా చెప్పండి.

డాక్టరు దగ్గరికి మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి, ఏవి ఏ తేదీన ఆపారో దాచకుండా చెప్పండి. ఏది ఏ డోసుతో మళ్లీ మొదలుపెట్టాలో ఆయన నిర్ణయిస్తారు. పోయిన రోజులకు లెక్కకట్టి ఒకేసారి రెండేసి వేసుకోవద్దు. ఇంట్లో ఈ రోజే చెప్పండి. మీకు ఛాతీనొప్పి వచ్చి మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఏ మాత్ర ఎప్పుడు ఆపారో అంబులెన్స్‌లో డాక్టరుకు చెప్పాల్సింది వాళ్లే.