ముందు సముద్రం లెక్క చూడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో పోయిన డచ్ ఓడలు, విమానాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యంలో ఊపు ఉంది. కానీ మొదటి పేజీలోనే ‘బటావియా’ ఓడవాళ్ల హత్యలు, చివరి పేజీలో వజ్రాల పొట్లం పెట్టావు. మధ్యలో ఉండాల్సిన సముద్రం ఎక్కడా లేదు. ఆ ఓడ ఆ తీరపు పగడపు దిబ్బల దాకా ఎందుకు వెళ్లింది? మూడు వందల ఏళ్ల తర్వాత ఆ విమానాలు తెల్లారినా నీళ్లలోనే ఎందుకు ఉండిపోయాయి? ఈ రెండిటికీ జవాబు రాశాకే మిగతాది రాయి.

ముందు దారి సంగతి. 1611లో హెండ్రిక్ బ్రౌవర్ గుడ్ హోప్ అగ్రం దాటాక ఇంకా దక్షిణానికి దిగి, 40 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏడాది పొడుగునా వీచే పడమటి గాలిని పట్టుకుని తూర్పుకు పోయి, ఆ తర్వాత ఉత్తరానికి తిరిగి జావా చేరాడు. ప్రయాణం నెలల కొద్దీ తగ్గింది. డచ్ ఈస్టిండియా కంపెనీ తన ఓడలకు అదే దారి ఖాయం చేసింది. చిక్కల్లా ఉత్తరానికి ఎక్కడ తిరగాలన్న దగ్గరే. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తును ఆస్ట్రోలేబుతో కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. రేఖాంశం మాత్రం తెలియదు. దాన్ని పట్టిచ్చే నౌకా గడియారం 18వ శతాబ్దం రెండో సగంలో గానీ చేతికి రాలేదు. అప్పటిదాకా ఓడ వేగాన్ని అంచనా కట్టి గంటలతో హెచ్చవేసుకోవడమే. ఓడను అడుగునుంచి తోసే ప్రవాహం ఆ అంచనాకు అందదు.

ఈ లెక్క పాఠకుడి కళ్ల ముందే చెయ్యి. తూర్పుకు సుమారు 1,000 మైళ్లు పోయి తిరగమని కంపెనీ ఆదేశం. నువ్వు దాన్ని 1,600 కిలోమీటర్లు చేశావు. అది తప్పు. ఆనాటి డచ్ మైళ్లు డిగ్రీకి 15, అంటే ఒక్కో మైలు దాదాపు 7.4 కిలోమీటర్లు. మొత్తం 7,400. దారి సగటున 37 డిగ్రీల అక్షాంశం మీద అనుకుంటే, అక్కడ రేఖాంశం ఒక డిగ్రీ అంటే 89 కిలోమీటర్లు, కాబట్టి ఆ దూరం 83 డిగ్రీలు. గుడ్ హోప్ ఉన్నది 18న్నర డిగ్రీల తూర్పున. రెండూ కలిపితే 102 దగ్గర తేలతావు. పశ్చిమ ఆస్ట్రేలియా తీరం దగ్గరి అబ్రోల్హోస్ దీవులు 114కి కాస్త ఇవతల. మధ్యలో మిగిలింది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అంచనా ఏడో వంతు తప్పితే చాలు, ఓడ దిబ్బ మీదే! ఇది తెలిసిన పాఠకుడికి 1629 జూన్ 4 తెల్లవారుజామున ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. దూరాన తెల్లగా కనబడిన నురగను వెన్నెల అనుకున్నారు. సుమారు 340 మందితో ఉన్న ‘బటావియా’ ఆ దీవుల్లోని మార్నింగ్ రీఫ్ అనే దిబ్బ ఎక్కేసింది.

ఓడ పగిలాక దీవుల్లో మిగిలినవాళ్లను కోర్నెలిస్ ముఠా చేసిన హత్యలు రాయొద్దని అనను. అయితే వాళ్లను వదిలి వెళ్లిన ఓడ అధిపతి ఫ్రాన్సిస్కో పెల్సార్ట్‌ను పిరికివాడని ఒక్క మాటతో తేల్చకు. దీవుల్లో నీళ్లు లేవు. 48 మంది ఎక్కిన తెరిచిన పడవలో ముందు ప్రధాన భూభాగం మీద నీటి కోసం వెతికి, దొరక్కే జావా దారి పట్టాడు. మొత్తం 33 రోజులు. ఆయన అంతకుముందు ఏడేళ్లు మన దేశంలో, ఎక్కువగా ఆగ్రాలో, కంపెనీ వర్తకుడు. అదే కంపెనీకి మచిలీపట్నంలో కోఠీ ఉండేది. అక్కడి వలందపాలెం పేరు ఆ హాలండు వాళ్లదే. తెలుగు పాఠకుడికి ఈ ఒక్క ముక్క చాలు, సాగదీయకు.

ఓడ సరుకులో 137 ఇసుకరాతి దిమ్మెలు ఉన్నాయి, వాటి మీద ఒక పేరా తప్పకుండా రాయి. జావాలోని బటావియా (ఇప్పటి జకార్తా) కోట ద్వారానికని చెక్కి పంపిన రాళ్లు అవి, దారిలో ఓడకు అడుగు బరువుగానూ పనికొచ్చాయి. సముద్రం అడుగు నుంచి తీసి పేర్చిన ఆ ద్వారం ఇప్పుడు జెరాల్డ్‌టన్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఓడ వెనక భాగం ఫ్రీమాంటిల్‌లో ఉంది.

1656 నాటి ‘వెర్గుల్డె డ్రాక్’, 1712 నాటి ‘జుయిట్‌డార్ప్’ గురించి క్లుప్తంగా చెప్పు. ‘జీవైక్’ దగ్గర మాత్రం ఆగు. 1727లో ఓడ పగిలాక, ఆ దీవుల్లోనే దాని చెక్కతో కొత్త పడవ కట్టుకుని 1728లో 88 మంది బయలుదేరితే 82 మంది బటావియా చేరారు. నువ్వు దీనికి సగం వాక్యం ఇచ్చావు. నా దృష్టిలో ఈ తీరపు కథలన్నిట్లో ఇదే పెద్దది.

తేదీలు సరిచూసుకో. హాలండు 1583 నుంచే కొత్త (గ్రెగోరియన్) పంచాంగంలో ఉంది, ఇంగ్లండు 1752 దాకా పాతదే వాడింది. నువ్వు డచ్ తేదీలకూ పది రోజులు కలిపావు, తీసెయ్. పశ్చిమ తీరంలో దిగిన డచ్ నావికుడు డిర్క్ హార్టోగ్ అక్కడ వదిలిన తగరపు పళ్లెం మీది తేదీ 1616 అక్టోబరు 25, అలాగే ఉంచు. ఆయన ఆస్ట్రేలియాను ‘కనుగొన్నాడు’ అని కూడా రాయకు. ఆ నేల మీద వేల ఏళ్లుగా మనుషులున్నారు. డచ్చివాళ్లలో చూసినా 1606లో ‘డైఫ్‌కెన్’ ఓడ మీద యాన్‌స్జోన్ ముందే ఉత్తర తీరం చేరాడు.

ఇక అదే తీరానికి ఉత్తరాన ఉన్న బ్రూమ్ రేవు. 1942 మార్చి 3. జావా జపాన్ చేతికి పోతున్న రోజులు. స్త్రీలు, పిల్లలతో డచ్ నౌకాదళం ఫ్లయింగ్ బోట్లు (నీళ్ల మీద దిగే విమానాలు) అక్కడి రోబక్ బేలో దిగాయి. అక్కడ పోటుకీ పాటుకీ తేడా 9 మీటర్లు దాటుతుంది. పాటు వేళ జెట్టీ చుట్టూ బురదే. విమానం లోతు నీళ్లలో లంగరేసుకోవాలి, మనుషుల్ని దించాలన్నా పెట్రోలు పట్టాలన్నా చిన్న పడవలే దిక్కు, అవీ కొన్నే. అందుకే చాలామంది రాత్రి విమానాల్లోనే గడిపారు. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో తిమోర్ దీవిలోని కూపాంగ్ నుంచి తొమ్మిది జపాన్ జీరో ఫైటర్లు వచ్చాయి. నీళ్ల మీద ఉన్న 15 ఫ్లయింగ్ బోట్లూ పోయాయి. వాటిలో తొమ్మిది డచ్చివి: ఐదు డోర్నియర్ 24లు, నాలుగు కాటలీనాలు. మృతులు కనీసం 88 అంటారు. ఎవరు ఏ విమానంలో ఉన్నారో సరైన జాబితాలు లేవు కాబట్టి ఆ ‘కనీసం’ అనే మాట తీసేయకు.

వజ్రాల పొట్లం తెస్తున్న విమానాన్ని నువ్వు నెదర్లాండ్స్ విమాన సంస్థ కె.ఎల్.ఎం.ది అన్నావు. అంతకుముందు అది వాళ్లదే. ఆ రోజున మాత్రం అది డచ్ ఈస్టిండీస్ విమాన సంస్థ కె.ఎన్.ఐ.ఎల్.ఎం.ది, రిజిస్ట్రేషన్ పీకే-ఏఎఫ్‌వీ. ‘పీకే’ ఇండీస్ గుర్తు, ‘పీహెచ్’ నెదర్లాండ్స్ గుర్తు. పేరు తడబడినప్పుడల్లా ఆ రెండక్షరాలు చూడు. ఆ జీరోల కాల్పులకు ఎడమ ఇంజను మండుతుంటే పైలట్ ఇవాన్ స్మిర్నోఫ్ కార్నట్ బే ఒడ్డున అలల్లోకి దించి మంట ఆర్పాడు. నలుగురు చనిపోయారు. వాళ్ల గురించి రాశాకే పొట్లం గురించి రాయి.

బ్రూమ్ వెళ్లే వీలుంటే, నీరు బాగా వెనక్కి తీసిన రోజు చూసుకో. కొన్ని శిథిలాల దాకా నడిచే వెళ్లొచ్చు. అవి చట్టం కాపాడుతున్నవి, చిన్న రేకు ముక్క కూడా తీయకూడదు. ఇంజన్లు లెక్కపెట్టు: డోర్నియర్‌కు రెక్క మీద మూడు, కాటలీనాకు రెండు. నీరు తిరిగి రావడం మొదలుకాకముందే వెనక్కి నడువు, ఆ బురదలో అడుగు తొందరగా పడదు.