వడ్లన్నీ అమ్ముకొని ఆషాఢంలో అరువుకు పోవాలా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు మూడెకరాలు ఉన్నాయి. రెండెకరాల్లో పత్తి, అందులో కంది సాళ్లు, బోరు కింద ఎకరంలో సన్నవరి వేస్తాం. ఇంట్లో ఐదుగురం. వడ్లు రాగానే అన్నీ అమ్మి బాకీలు కడతాం. ఆషాఢం వచ్చేసరికి బియ్యం, పప్పు అరువుకు తెస్తున్నాం. నిరుడు వందకు మూడు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి సంక్రాంతికి తీర్చాం. ఈసారి కంది కూడా మాని అంతా పత్తే పెడదామని మా ఆయన అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వంటింటి లెక్క వేద్దాం. మనిషికి నెలకు పది కిలోల బియ్యం అనుకుంటే మీకు 50 కిలోలు కావాలి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీలో మనిషికి ఆరు కిలోల చొప్పున 30 కిలోలు వస్తాయి, ఐదుగురి పేర్లూ కార్డులో ఉంటేనే సుమా. కోడలి పేరో పసిపిల్లల పేర్లో ఎక్కని కార్డులు నేను చాలా చూశాను. ఇక లోటు నెలకు 20, ఏడాదికి 240 కిలోలు. ఊరి మిల్లులో క్వింటాలు వడ్లకు 60 కిలోల బియ్యమే వస్తాయనుకున్నా, నాలుగు క్వింటాళ్లు, అంటే 75 కిలోల బస్తాలు ఆరు ఆపుకుంటే సరిపోతుంది. మిగిలినవి నిశ్చింతగా కొనుగోలు కేంద్రానికి తోలండి.

మా అమ్మ గుమ్మి లోపల జాజుతో ఒక గీత గీసేది. వడ్లు ఆ గీతకు దిగాక, ఎవరు వచ్చి ఎంత ధర చెప్పినా మా నాయన అమ్మడానికి వీలు ఉండేది కాదు. మీ ఆరు బస్తాలకూ అలాంటి గీత ఒకటి కావాలి.

అసలు చిక్కు పప్పుతోనే ఉంది, ఎందుకంటే దానికి రేషన్ కార్డు ఆసరా లేదు. నెలకు నాలుగు కిలోల చొప్పున ఏడాదికి 48 కిలోల పప్పు కావాలంటే సుమారు 70 కిలోల కందులు ఉండాలి. 2025–26 మద్దతు ధర 8,000 ప్రకారం వాటి విలువ 5,600 రూపాయలు. ఆ సాళ్లలోనూ పత్తి వేస్తే నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు, మీ ఆయన మాటను నేను కొట్టిపారేయను. అయితే పత్తి దెబ్బతిన్న ఏడు ఆ డబ్బూ ఉండదు, పప్పూ ఉండదు. కాబట్టి కంది సాళ్లను తీయకండి. కందులను బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి దాచి, నెలకు సరిపడా మాత్రమే ఇసుర్రాయి మీద పట్టుకోండి.

ఇక అప్పు సంగతి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఏడు నెలలకు మీరు 4,200 కట్టారు. అదే 20,000 కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకొని గడువులోపు తీరిస్తే, 7 శాతంలో 3 శాతం రాయితీ పోను వడ్డీ 470 రూపాయలు దాటదు. ఆ కార్డు పరిమితిని లెక్కగట్టేటప్పుడు పంట ఖర్చుపై 10 శాతం ఇంటి అవసరాలకు, కోత తర్వాతి ఖర్చులకు కలుపుతారన్నది చాలామంది రైతులకు తెలియదు, బ్యాంకులో అడగనిదే ఎవరూ చెప్పరు కూడా. రైతు భరోసా డబ్బు ఏ నెలలో పడుతుందో ముందే అనుకోలేం కనుక దాన్ని తిండి లెక్కలో కలపకండి. పట్టా పాసు పుస్తకం తీసుకొని మీ ఆయనను మే నెలలోనే, విత్తనాల హడావుడి మొదలుకాక ముందే బ్యాంకుకు పంపండి. వీలైతే మీరూ వెంట వెళ్లండి.