తీసేసిన ఫొటో మళ్లీ మళ్లీ వస్తుంటే

మీ ప్రైవేటు ఫొటోని రిపోర్ట్ కొట్టి తీయించినా వేరే అకౌంట్‌లో మళ్లీ పెడుతున్నారంటే కారణం ఇదే: రిపోర్ట్ ఆ ఒక్క పోస్టునే తీసేస్తుంది, కాపీలను ఆపదు.

1. రిపోర్ట్‌కి ముందే పోస్టు లింకు, అకౌంట్ పేరు, తేదీ, టైమ్ రాసి పెట్టుకోండి. పోలీసు ఫిర్యాదుకి కావాలి.

2. అనుమతి లేకుండా ప్రైవేటు ఫొటోలు పెట్టకుండా అడ్డుకోడానికి సాయపడే స్టాప్‌ఎన్‌సీఐఐ (StopNCII.org) సైట్‌లో కేసు తెరవండి. ఫొటో ఇవ్వాలేమోనన్న భయంతో చాలామంది వదిలేసేది ఈ పనినే. ఫొటో మీ ఫోన్ దాటదు. దాని నుంచి తయారైన హ్యాష్, అంటే ఒకరకం వేలిముద్ర, అదే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ లాంటివి తమ దగ్గర పెట్టే ఫొటోలను దాంతో పోల్చి చూస్తాయి. కత్తిరించిన, ఫిల్టర్ వేసిన కాపీలకు మళ్లీ విడిగా హ్యాష్ చేయాలి, మర్చిపోవద్దు.

3. ఫొటో దిగినప్పటికి మీకు 18 ఏళ్లు నిండకపోతే ఆ సైట్ కాదు, మైనర్ల ఫొటోల కోసం ఉన్న అలాంటి సైట్ ‘టేక్ ఇట్ డౌన్’ వాడండి.

స్టాప్‌ఎన్‌సీఐఐ ఇచ్చే కేసు నంబరు, పిన్ దాచుకోండి. స్టేటస్ చూడాలంటే అవే ఆధారం.