సాల్మన్‌లో పురుగు కనిపిస్తే సముద్రం పాడైనట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి సియాటిల్ వచ్చాను. మొన్న సాల్మన్ ముక్కలు కడుగుతుంటే ఒకదాంట్లో చుట్ట చుట్టుకున్న తెల్లటి పురుగు కనిపించింది. తీసేసి పులుసు పెట్టాను. నాలుగేళ్ల మనవడూ తిన్నాడు. ఇక్కడి సముద్రం అంత కలుషితమైపోయిందా? పిల్లాడికేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: పులుసులో బాగా ఉడికిన చేపే కదమ్మా, మనవడి గురించి భయపడకండి. మీరు చూసింది బహుశా అనిసాకిస్ అనే పరాన్నజీవి జాతి లార్వా, అంటే పిల్ల పురుగు. ముక్క లోపలిదాకా 63 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే చచ్చిపోతుంది.

ఆ పురుగు ఉందంటే సముద్రం చెడిపోయిందని కాదు. చాలాసార్లు నిజం దానికి తిరగబడి ఉంటుంది. అనిసాకిస్ పెద్దదై గుడ్లు పెట్టేది తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో. దాని దగ్గరి జాతులకు సీల్స్ కావాలి. గుడ్లు నీటిలో పడతాయి, లార్వాలను క్రిల్ లాంటి చిన్న జీవులు తింటాయి, వాటిని చేపలు, చేపల్ని మళ్లీ తిమింగలాలు. ఈ వరుసలో ఏ ఒక్కటి లేకపోయినా పురుగు బతకదు. అందుకే శాస్త్రవేత్తలు దీన్ని సముద్రం ఆరోగ్యానికి గుర్తుగా చూస్తారు. మీరున్న ఊళ్లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1979 నుంచి 2021 వరకు డబ్బాల్లో నిల్వచేసిన 178 అలాస్కా సాల్మన్ డబ్బాలు తెరిచి ఈ పురుగుల్ని లెక్కపెట్టారు. రెండు రకాల సాల్మన్‌లో అవి పెరిగాయి. తిమింగలాలు, సీల్స్ లాంటి సముద్ర క్షీరదాల్ని కాపాడేందుకు అమెరికాలో 1972లో వచ్చిన చట్టంతో అవి కోలుకోవడం ఒక కారణం కావచ్చని వాళ్ల అంచనా. మీ పక్కనే ఉన్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో మాత్రం, మ్యూజియంలో దాచిన పాత చేపల్ని పరిశీలిస్తే, మూడు లేదా అంతకంటే ఎక్కువ జీవుల మీద ఆధారపడే పరాన్నజీవులు 1880 నుంచి తగ్గుతూ వచ్చాయి. నీరు వేడెక్కడంతో దానికి సంబంధం కనిపించింది. నన్ను కలవరపెట్టేది ఇదే.

అన్ని పరాన్నజీవులూ మంచి గుర్తు కావు. మొప్పలకు పట్టే కొన్ని సూక్ష్మజీవులు మురికినీటిలో ఎక్కువగా పెరుగుతాయి. పురుగు లేని చేప శుభ్రమనీ అనుకోవద్దు, పాదరసం కంటికి కనబడదు. సాల్మన్‌లో అది తక్కువే కాబట్టి పిల్లాడికి పెట్టండి.

పచ్చి చేప మాత్రం వద్దు. ఉప్పు, నిమ్మరసం ఈ పురుగును చంపుతాయని నమ్మలేం. పచ్చిగా తినాలంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టి ఉండాలి. ఇంటి ఫ్రీజర్లు చాలావాటిలో అంత చల్లదనం నిలకడగా ఉండదు. సుషీ తిన్న కొన్ని గంటల్లో కడుపులో తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే ఆస్పత్రిలో పచ్చి చేప తిన్నామని ముందే చెప్పండి. ఎండోస్కోపీతో పురుగును తీసేస్తారు. కొద్దిమందికి ఉడికిన చేపతో కూడా ఈ పురుగు వల్ల అలర్జీ వస్తుంది. దద్దుర్లు గానీ, పెదాల వాపు గానీ కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి. ఊపిరి ఆడకపోతే వెంటనే 911కి ఫోన్ చేయండి.